లినక్స్ డెస్క్‌టాప్ వెర్షన్ మార్పు, వ్యక్తిగత దత్తాంశ తరలింపు: తెలుగు పరిశోధకులకు ఒక అవగాహన

వ్యాససంగ్రహం

పరిశోధన సాగుతున్న కాలంలో కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ మారడం నేడు సాధారణం. ఆ మార్పులో సిద్ధాంతగ్రంథం ఫైళ్లు సాధారణంగా భద్రంగానే ఉంటాయి. పరిశోధకుడు ఏళ్ల తరబడి చేర్చుకున్న పదాల జాబితా, ఫాంట్లు, ఉపయుక్త గ్రంథాల దత్తాంశం, బ్రౌజర్ గుర్తులు మాత్రం కనిపించకుండా పోతాయి. వీటిలో అధికభాగం నిజానికి నశించదు. కొత్త అనువర్తనం వాటిని వేరొక చోట వెతుకుతుంది. లినక్స్ డెస్క్‌టాప్‌లో వ్యక్తిగత దత్తాంశం ఎక్కడ ఉంటుంది, దాని చిరునామా ఎందుకు మారుతుంది, తెలుగులో పనిచేసేవారు వేటిని ఎలా తరలించుకోవాలి అనే అంశాలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: లినక్స్, వ్యక్తిగత దత్తాంశం, అప్‌గ్రేడ్, లిబ్రెఆఫీస్, జొటెరో, యూనికోడ్, మాండలిక పదసేకరణ, కొడంగల్.

1. ఉపోద్ఘాతం

కొడంగల్ ఊరు ఉన్నచోటనే ఉంది. దాని రికార్డుల చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. 1956 నవంబరు 1కి ముందు కొడంగల్, తాండూరు తాలూకాలు హైదరాబాద్ రాష్ట్రంలోని గుల్బర్గా జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో ఆ జిల్లా మైసూరు రాష్ట్రానికి వెళ్లగా, ఈ రెండు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. కొడంగల్ మహబూబ్‌నగర్ జిల్లాలో, తాండూరు హైదరాబాద్ జిల్లాలో కలిశాయి. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు తాండూరు అందులోకి వెళ్లింది. 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లా ఏర్పడడంతో రెండూ మళ్లీ ఒకే జిల్లా కిందికి వచ్చాయి. ఈలోగా 2014లో గుల్బర్గా పేరే కలబురగిగా మారింది.

ఈ ప్రాంత చరిత్రపై పనిచేసే పరిశోధకుడు 1950 నాటి ఒక పత్రం కోసం వికారాబాద్‌లో వెతికి, దొరకనంత మాత్రాన అది నశించిందని నిర్ణయించడు. ఆ ఏడాది ఆ ఊరు ఏ జిల్లాలో ఉండేదో చూసుకొని, అక్కడి రికార్డుల్లో వెతుకుతాడు. అదే పరిశోధకుడు తన కంప్యూటర్ విషయంలో ఈ పద్ధతిని మరచిపోతాడు. అప్‌గ్రేడ్ చేసిన మరునాడు లిబ్రెఆఫీస్ తెరిచి, తాను చేర్చుకున్న మాండలిక పదాలన్నిటి కింద ఎర్రగీతలు కనబడగానే శ్రమంతా పోయిందనుకుంటాడు. ఆ నిరాశలో పాత ఫోల్డర్‌ను తానే తొలగించే ప్రమాదమూ ఉంది. అప్పటివరకు చిరునామా తప్పిన దత్తాంశం, ఆ క్షణంలో నిజంగా నశిస్తుంది.

2. సమస్య నేపథ్యం

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి. కనీస కాలవ్యవధి 3 ఏళ్లు, గరిష్ఠ కాలవ్యవధి 6 ఏళ్లు. లినక్స్‌లో విస్తృతంగా వాడే ఉబుంటు దీర్ఘకాలిక వెర్షన్లు రెండేళ్లకొకటి వెలువడతాయి. ఒక్కొక్కదానికి 5 ఏళ్ల సాధారణ మద్దతు ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 20.04 వెర్షన్‌కు ఈ మద్దతు 2025 మేలో ముగిసింది. డెబియన్ 12వ వెర్షన్ 2023 జూన్‌లో, 13వ వెర్షన్ 2025 ఆగస్టులో విడుదలయ్యాయి. కాబట్టి లినక్స్ వాడే పరిశోధకుడికి ప్రవేశం నుంచి పట్టా వరకు కనీసం ఒక్కసారైనా వెర్షన్ మార్పు ఎదురయ్యే అవకాశం ఎక్కువ. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియడంతో, పాత కంప్యూటర్లను లినక్స్‌కు మార్చుకోవడం కూడా ఒక మార్గంగా ముందుకు వచ్చింది.

పోయేది ఏమిటన్నది ఇక్కడ ముఖ్యం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో, రెండవది చేనేత పదాలతో 1971లో వెలువడ్డాయి. కంప్యూటర్ లేని ఆ రోజుల్లో పదసేకరణ అంటే కాగితంపై రాసుకొని దాచుకోవడమే. నేడు తాండూరు నాపరాతి గనుల వృత్తిపదాలనో, కొడంగల్ పరిసరాల కంది సాగు పదజాలాన్నో సేకరించే విద్యార్థి పదాలను నేరుగా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. టైపు చేస్తున్నప్పుడు ఎర్రగీత పడిన ప్రతి పదాన్నీ ‘నిఘంటువుకు చేర్చు’ అనే ఆదేశంతో చేర్చుకుంటూ పోతాడు. రెండు మూడేళ్లలో ఆ జాబితా ఒక చిన్న క్షేత్రపర్యటన పుస్తకంతో సమానమవుతుంది. అయితే కాగితాల కట్ట ఎక్కడుందో దాన్ని దాచినవారికి తెలుసు. ఈ జాబితా ఎక్కడుందో దాన్ని తయారుచేసినవారికే తెలియకపోవచ్చు.

3. వ్యక్తిగత దత్తాంశం ఉండే చోటు

లినక్స్‌లో ప్రతి వాడుకరికి ఒక హోమ్ ఫోల్డర్ ఉంటుంది. పత్రాలు, చిత్రాలు, దించుకున్న ఫైళ్లు అందులో పైకి కనిపిస్తాయి. వాటితోపాటు పేరు ముందు చుక్క ఉన్న ఫోల్డర్లు కొన్ని దాగి ఉంటాయి. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ మీటలను కలిపి నొక్కితే అవి బయటపడతాయి. ఈ వ్యాసంలో ‘డాట్ కాన్ఫిగ్’ వంటి పేర్లు వచ్చినచోట ముందు చుక్క ఉన్న ఫోల్డర్‌గా గ్రహించాలి. తెరపై ఆ పేర్లు ఆంగ్లలిపిలో ఉంటాయి.

ఒకప్పుడు ప్రతి అనువర్తనం తనకు తోచిన పేరుతో దాగిన ఫోల్డర్ ఏర్పరచుకొనేది. ఈ అస్తవ్యస్తతను తొలగించడానికి ఫ్రీడెస్క్‌టాప్ సంస్థ ఒక ప్రమాణాన్ని రూపొందించింది. దాని ప్రకారం వాడుకరి దత్తాంశం ప్రధానంగా నాలుగు విధాలు.

అ) అమరికలు: ‘డాట్ కాన్ఫిగ్’లో ఉంటాయి. ఏ ఫాంటు, ఏ పరిమాణం, ఏ కీబోర్డు వంటి ఎంపికలు ఇవి.
ఆ) దత్తాంశం: ‘డాట్ లోకల్’ లోపలి ‘షేర్’లో ఉంటుంది. వాడుకరి చేర్చుకున్న ఫాంట్లు ఇందులోకే వస్తాయి.
ఇ) స్థితి: ‘డాట్ లోకల్’ లోపలి ‘స్టేట్’లో ఉంటుంది. అనువర్తన చరిత్ర వంటివి ఇందులో చేరతాయి.
ఈ) తాత్కాలిక నిల్వ: ‘డాట్ క్యాష్’లో ఉంటుంది. దీన్ని తొలగించినా అనువర్తనం మళ్లీ తయారుచేసుకుంటుంది.

తరలింపులో ఈ విభజన దారి చూపుతుంది. రెండవ విధం తప్పక వెంట రావాలి. మొదటిది ఆచితూచి తేవాలి. మూడవది ఐచ్ఛికం. నాలుగవదాన్ని వదిలివేయాలి. అయితే అన్ని అనువర్తనాలు ఈ ప్రమాణాన్ని ఒకే తీరున పాటించవు. లిబ్రెఆఫీస్ వాడుకరి నిఘంటువు స్వభావరీత్యా దత్తాంశమే అయినా, అది ‘డాట్ కాన్ఫిగ్’లో ఉంటుంది. అందుకే పేరును బట్టి కాక, లోపల ఉన్నదాన్ని బట్టి నిర్ణయించాలి.

4. చిరునామా మారడానికి కారణాలు

4.1. అనువర్తనమే ఇల్లు మారడం: కేడీఈ డెస్క్‌టాప్ నాల్గవ తరంలో వాడుకరి అమరికలు ‘డాట్ కేడీఈ’ పేరుగల ఫోల్డర్‌లో ఉండేవి. 2014లో వచ్చిన ప్లాస్మా 5 నుంచి అవి ‘డాట్ కాన్ఫిగ్’, ‘డాట్ లోకల్’లలోకి మారాయి. గ్నోమ్ 2లో జీకాన్ఫ్ వద్ద ఉన్న అమరికల స్థానాన్ని 2011 నాటి గ్నోమ్ 3తో డీకాన్ఫ్ తీసుకుంది. ఫాంట్ల విషయంలో పాత ‘డాట్ ఫాంట్స్’ స్థానంలో ‘డాట్ లోకల్’ లోపలి ‘షేర్’లోని ‘ఫాంట్స్’ వచ్చింది.

4.2. అనువర్తనాన్ని అందించే రూపం మారడం: నేటి గందరగోళానికి ఇదే ప్రధాన కారణం. ఒకే ఫైర్‌ఫాక్స్ మూడు రూపాల్లో లభిస్తుంది. సంప్రదాయ ప్యాకేజీగా ఉన్నప్పుడు దాని దత్తాంశం సాధారణంగా హోమ్‌లోని ‘డాట్ మొజిల్లా’లో ఉంటుంది. స్నాప్ రూపంలో హోమ్‌లోనే పైకి కనిపించే ‘స్నాప్’ ఫోల్డర్ లోపల ఉంటుంది. ఫ్లాట్‌ప్యాక్ రూపంలో ‘డాట్ వార్’ లోపలి ‘యాప్’లో ఉంటుంది. 2022 ఏప్రిల్ నాటి ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్, 2024 ఏప్రిల్ నాటి 24.04లో థండర్‌బర్డ్ స్నాప్ రూపంలోకి వచ్చాయి. వాడుకరికి తెరపై అదే బొమ్మ, అదే పేరు. లోపల చిరునామా మాత్రం వేరు. దత్తాంశాన్ని కొత్త చోటికి నకలు చేసే ఏర్పాటు ఉన్నప్పటికీ, అది జరిగిందో లేదో చూసుకోవలసింది వాడుకరే.

4.3. సూచిక మారడం: కొన్నిసార్లు ఫోల్డర్ సరైన చోటే ఉంటుంది; దాన్ని చూపే సూచిక వేరొకదాన్ని చూపుతుంది. 2019లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 67 నుంచి కంప్యూటర్‌లోని ప్రతి ఫైర్‌ఫాక్స్ ప్రతికీ ప్రత్యేక ప్రొఫైల్ ఉంటుంది. కొత్త ప్రతి ఖాళీ ప్రొఫైల్‌తో తెరుచుకోగానే గుర్తులు, సంకేతపదాలు పోయినట్లు కనిపిస్తుంది. చిరునామా పట్టీలో ‘అబౌట్’ అని రాసి, రెండు చుక్కలు పెట్టి, ‘ప్రొఫైల్స్’ అని చేరిస్తే ఉన్న ప్రొఫైళ్లన్నీ కనిపిస్తాయి. పాతదాన్ని ఎంచుకుంటే చాలు.

5. తెలుగు పరిశోధకుడు వెంట తీసుకెళ్లవలసినవి

5.1. వాడుకరి నిఘంటువు: లిబ్రెఆఫీస్‌లో వాడుకరి చేర్చుకున్న పదాలు ‘డాట్ కాన్ఫిగ్’, దానిలో ‘లిబ్రెఆఫీస్’, దానిలో ‘4’, దానిలో ‘యూజర్’, దానిలో ‘వర్డ్‌బుక్’ అనే వరుసలో ఉంటాయి. 2024 నుంచి లిబ్రెఆఫీస్ వెర్షన్లకు సంవత్సరాన్ని బట్టి సంఖ్య ఇస్తున్నారు. అయినా ఆ ఫోల్డర్ పేరు ‘4’గానే కొనసాగుతోంది, అది పాతదని తొలగించకూడదు. ఈ నిఘంటువు ఫైలు సాధారణ పాఠ్యరూపంలో ఉంటుంది. మొదటి కొన్ని పంక్తుల్లో భాష, రకం వంటి వివరాలు, వాటి తర్వాత పంక్తికొక పదం ఉంటాయి. తొవ్వ, సోపతి, కైకిలి వంటి పదాలను చేర్చుకొని ఉంటే, ఏ టెక్స్ట్ ఎడిటర్‌తో తెరిచినా వాటిని చదవవచ్చు, ముద్రించుకోవచ్చు, అకారాదిగా అమర్చుకోవచ్చు. లిబ్రెఆఫీస్‌తో వచ్చే తెలుగు అక్షరదోష నిఘంటువు మాత్రం వేరు. అది అనువర్తనానికి చెందినది. తరలించనక్కర లేదు, కొత్త వ్యవస్థలో మళ్లీ స్థాపించుకోవాలి.

5.2. స్వయంసవరణ పట్టిక: తరచు దొర్లే టైపు దోషాలకు, పొడి అక్షరాలకు పూర్తి రూపాలు ఇచ్చుకున్న పట్టిక అదే ‘యూజర్’ ఫోల్డర్‌లోని ‘ఆటోకార్’లో ఉంటుంది. దీన్నీ వెంట తీసుకోవాలి.

5.3. ఫాంట్లు: పాత సిద్ధాంతగ్రంథాలు, పత్రికా వ్యాసాలు అను వంటి యూనికోడేతర ఫాంట్లలో టైపు చేసినవి నేటికీ ఎన్నో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో వాటిని తెరిస్తే అర్థంలేని ఆంగ్లాక్షరాలు, గుర్తులు కనబడతాయి. పాఠం చెడిపోలేదు, దాన్ని తెలుగుగా చూపే ఫాంటు లేదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవడం శాశ్వత పరిష్కారం. అయినా మార్పులో దొర్లే తప్పులను సరిచూసుకోవడానికి మూలప్రతి, దాని ఫాంటు రెండూ కావాలి. ఇక్కడ ఒక మెలకువ అవసరం. ఫాంట్లను వాడుకరులందరికీ వర్తించేలా స్థాపించి ఉంటే, అవి హోమ్‌లో కాక వ్యవస్థకు చెందిన ఫోల్డర్‌లో ఉంటాయి. కొత్తగా ఆపరేటింగ్ సిస్టమ్ స్థాపిస్తే అవి తుడిచిపెట్టుకుపోతాయి. ఇది చిరునామా మార్పు కాదు, నిజమైన నష్టం.

5.4. కీబోర్డు: ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్, పోతన వంటి అమరికలు ఐబస్, ఎం17ఎన్ ద్వారా లభిస్తాయి. ఎంపికను కొత్త వ్యవస్థలో చేత్తో మళ్లీ చేసుకోవడమే సులభం. ఎవరైనా సొంత కీబోర్డు పటం తయారుచేసుకొని ఉంటే, అది ఉండే ‘డాట్ ఎం17ఎన్ డాట్ డి’ ఫోల్డర్‌ను మాత్రం తప్పక తీసుకోవాలి.

5.5. ఉపయుక్త గ్రంథాల దత్తాంశం: జొటెరో దత్తాంశం సాధారణంగా హోమ్‌లో అదే పేరుగల ఫోల్డర్‌లో పైకే కనిపిస్తుంది. అందులోని డేటాబేస్ ఫైలు, ‘స్టోరేజ్’ ఫోల్డర్ రెండూ కలిసే ప్రయాణించాలి. ఒకటి వచ్చి మరొకటి రాకపోతే పట్టిక ఉండి పుస్తకాలు లేని గ్రంథాలయంలా ఉంటుంది. జొటెరోలోకి నకలు చేయకుండా కేవలం లంకె వేసిన ఫైళ్లకు పూర్తి మార్గం నమోదై ఉండవచ్చు. కొత్త కంప్యూటర్‌లో లాగిన్ పేరు మారితే ఆ మార్గం చెల్లదు. పాత పేరునే కొనసాగించడం మేలు.

5.6. బ్రౌజర్, మెయిల్: ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్ ప్రొఫైళ్లను ముక్కలుగా కాక మొత్తంగా తీసుకోవాలి. సంకేతపదాలు ఒక ఫైలులో, వాటిని విప్పే తాళంచెవి మరొక ఫైలులో ఉండడమే ఇందుకు కారణం.

6. తెలుగు ఫైలు పేర్లలో దాగిన చిక్కు

లినక్స్‌లో విస్తృతంగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ వ్యవస్థలో ఒక పేరుకు 255 బైట్ల పరిమితి ఉంది. ఆంగ్లాక్షరానికి ఒక బైటు చాలు. యూనికోడ్ తెలుగులో ప్రతి సంకేతానికి యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు పడతాయి. అచ్చు గుర్తులు, పొల్లు, సున్న కూడా విడి సంకేతాలే. ‘కొడంగల్’ అనే పేరు కంటికి చిన్నదే. అందులో 7 సంకేతాలు, అంటే 21 బైట్లు ఉన్నాయి. ‘కొడంగల్ ప్రాంత మాండలిక పదాలు’ అని నాలుగు మాటల పేరు పెడితే 78 బైట్లవుతుంది. మొత్తం మీద తెలుగు పేరు 85 సంకేతాలు దాటకూడదు.

విండోస్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనూ, పెన్‌డ్రైవ్‌లలో కనిపించే ఎక్స్‌ఫ్యాట్‌లోనూ లెక్క బైట్లలో కాదు. అక్కడ తెలుగు పేరుకు 255 సంకేతాల వరకు వీలుంటుంది. అందువల్ల విండోస్‌లో వ్యాసశీర్షికనంతా పేరుగా పెట్టుకున్న ఫైలు లినక్స్‌లోకి నకలు కాకుండా ఆగిపోవచ్చు. వందలాది ఫైళ్లు నకలవుతున్నప్పుడు మధ్యలో వచ్చే ఈ హెచ్చరికను చూడకుండా దాటవేస్తే, ఆ ఒక్క ఫైలు వెనకబడిపోతుంది. తరలింపుకు ముందే పొడవైన పేర్లను కుదించుకోవడం దీనికి పరిష్కారం.

పెన్‌డ్రైవ్‌తో మరో రెండు ఇబ్బందులున్నాయి. ఫ్యాట్32 వ్యవస్థలో 4 జీబీకి చేరిన ఫైలు పట్టదు. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ రెండూ లినక్స్ అనుమతులను, సంకేత లంకెలను నిలుపుకోవు. దాగిన ఫోల్డర్లను విడివిడిగా పెన్‌డ్రైవ్‌లో వేయకుండా, టార్ పద్ధతిలో ఒకే కట్టగా కట్టి వేస్తే అనుమతులు, లంకెలు కట్టలోనే భద్రంగా ఉంటాయి.

7. తరలింపు పద్ధతులు

7.1. ఉన్నచోటనే అప్‌గ్రేడ్: హోమ్ ఫోల్డర్ కదలదు. చిరునామాల మార్పు మాత్రం వర్తిస్తుంది. బ్యాకప్ లేకుండా దీన్ని చేయకూడదు.

7.2. హోమ్‌ను వేరు విభాగంలో ఉంచి కొత్తగా స్థాపించడం: వ్యవస్థ కొత్తది, ఇల్లు పాతది. స్థాపన సమయంలో హోమ్ విభాగాన్ని ఫార్మాట్ చేయకుండా ఎంచుకోవాలి. వాడుకరి పేరే కాక వాడుకరి సంఖ్య కూడా కలవాలి. చాలా లినక్స్ రూపాల్లో మొదటి వాడుకరికి 1000 సంఖ్య వస్తుంది. ఒకే కంప్యూటర్‌ను ఇద్దరు వాడుతుంటే పాత వరుసలోనే ఖాతాలు తెరవాలి. లేకుంటే ఒకరి ఫైళ్లు మరొకరివిగా నమోదవుతాయి.

7.3. కొత్త కంప్యూటర్‌లోకి నకలు: ఐదవ భాగంలో చెప్పినవాటిని ఎంచి తీసుకోవడం ఉత్తమం. దాగిన ఫోల్డర్లన్నిటినీ గుత్తగా కొత్త హోమ్‌పై పరిస్తే, పాత డెస్క్‌టాప్ అమరికలు కొత్తవాటితో ఘర్షించవచ్చు.

ఏ పద్ధతిలోనైనా మూడు నియమాలు వర్తిస్తాయి. మొదటిది, నకలు చేసేముందు అనువర్తనాన్ని పూర్తిగా మూసివేయాలి. డేటాబేస్ తెరిచి ఉండగా తీసిన నకలు అసంపూర్ణం కావచ్చు. రెండవది, ప్రయాణం పాత వెర్షన్ నుంచి కొత్తదానికే సాగాలి. కొత్త ఫైర్‌ఫాక్స్ వాడిన ప్రొఫైల్‌ను పాతది సాధారణంగా తెరవదు. 2024లో వచ్చిన జొటెరో 7 మార్చుకున్న డేటాబేస్‌ను జొటెరో 6 తెరవదు. కాబట్టి ఇంట్లో కొత్త వెర్షన్, కళాశాలలో పాత వెర్షన్ ఉన్న అధ్యాపకుడు ఒకే దత్తాంశాన్ని రెండు చోట్లా తిప్పకూడదు. మూడవది, అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన నకలును ముట్టుకోకుండా విడిగా ఉంచాలి.

8. సరిచూసుకోవడం

తరలింపు పూర్తయిందనడానికి ఫైళ్లు నకలు కావడం ఒక్కటే ప్రమాణం కాదు. అనువర్తనం వాటిని గుర్తించాలి. కొన్ని చిన్న పరీక్షలు చాలు. వాడుకరి నిఘంటువులో ఉన్న ఒక మాండలిక పదాన్ని టైపు చేసి ఎర్రగీత పడుతుందేమో చూడాలి. యూనికోడేతర ఫాంటులో ఉన్న ఒక పాత వ్యాసాన్ని తెరవాలి. జొటెరోలో ఒక గ్రంథానికి జోడించిన పీడీఎఫ్ తెరుచుకుంటుందేమో చూడాలి. పాత, కొత్త ఫోల్డర్లలో ఫైళ్ల సంఖ్య సరిపోయిందో లెక్కించాలి. ఆర్‌సింక్ వంటి పరికరంతో ఫైళ్ల లోపలి విషయాన్నీ పోల్చవచ్చు. ఈ పరీక్షలన్నీ ముగిసి, కొన్ని వారాలు కొత్త వ్యవస్థపై పనిచేశాకే పాత కంప్యూటర్‌ను ఖాళీ చేయాలి.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. వెర్షన్ మార్పులో కనిపించకుండా పోయిన వ్యక్తిగత దత్తాంశంలో అధికభాగం నశించదు. దాన్ని వెతికే చిరునామా మారుతుంది. తొలగించడానికి ముందు వెతకాలి.
2. వ్యవస్థ ఫోల్డర్‌లోని ఫాంట్లు, పేరు పొడవు వల్ల నకలు కాని ఫైళ్లు మాత్రం నిజంగా పోగలవు. వీటిపై ముందే దృష్టి పెట్టాలి.
3. తెలుగు పరిశోధకుడికి పెద్ద ఫైళ్లకంటె వాడుకరి నిఘంటువు వంటి చిన్న, దాగిన ఫైళ్లే తిరిగి సంపాదించుకోవడానికి కష్టమైనవి. క్షేత్రపర్యటనలో ఒక వృద్ధ రైతు చెప్పిన పదాన్ని మళ్లీ అడిగే అవకాశం ఎప్పుడూ ఉండదు.
4. ఇటువంటి జాబితాలను అనువర్తనం లోపల మాత్రమే వదిలివేయక, ఆరు నెలలకొకసారి సాధారణ పాఠ్యరూపంలో బయటికి తీసి, సేకరించిన ఊరు, తేదీ చేర్చి, సిద్ధాంతగ్రంథం ఫైళ్లతోపాటు భద్రపరచాలి.

ఊరు ఏ జిల్లాలోకి మారినా పాత రికార్డు ఎక్కడుందో చెప్పగలిగేది ఆ మార్పుల క్రమం తెలిసినవారే. పరిశోధకుడు తన దత్తాంశం ఏ ఫోల్డర్‌లో ఉందో, ఎప్పుడు ఎక్కడికి మార్చాడో ఒక కాగితంపై రాసి పెట్టుకుంటే, తర్వాతి అప్‌గ్రేడ్‌లో వెతుకులాట తప్పుతుంది.